ఇటాలియన్ బడిలో చేరబోయే పిల్లలను ఇంటి దగ్గరే సిద్ధం చేయడం ఎలా?

ఒడిశాలోని బరంపురంలో పెళ్ళికి వెళ్ళినా, పర్లాకిమిడిలో పరామర్శకు వెళ్ళినా నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటే. "మా మనవడిని అక్కడ అన్నీ ఇటాలియన్‌లోనే చెప్పే ప్రైవేటు అంతర్జాతీయ బడిలో వేస్తున్నారట. వాడికి ఒక్క ముక్క రాదు. ఇప్పుడు ఏం చేయాలి?" అల్లుడికి ఇటలీలోని మిలానోలో ఉద్యోగం వచ్చి ఉంటుంది, లేదా కోడలికి తొరీనోలో పరిశోధన అవకాశం. ప్రయాణానికి మూడు నాలుగు నెలల గడువు ఉంటుంది. మేము ఆరేళ్ళు తొరీనోలో ఉన్నాం, మా ఇద్దరు పిల్లలూ అలాంటి బడిలోనే చదివారు. అందుకే అందరూ నా దగ్గరికే వస్తారు. ఫోనులో చెప్పిందే చెప్పి విసుగెత్తింది. ఇదిగో, రాసి పెడుతున్నాను.

ఇది 5 నుంచి 10 ఏళ్ళ పిల్లల కోసం. ఇటలీలో బడులు సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. మన దగ్గర వేసవి సెలవులు ముగిసే జూన్‌లో మొదలుపెడితే పన్నెండు వారాలు చేతిలో ఉంటాయి. అది చాలు. అంతకంటే తక్కువ ఉంటే 3, 4, 5 మెట్లు మాత్రం వదలకండి.

కావలసినవి

- రోజుకు 40 నిమిషాలు, ఒకే వేళ, ఇంట్లో ఒకే చోట.
- వారానికి మూడు సార్లు, అరగంట చొప్పున, ఫోనులోనో కంప్యూటర్‌లోనో మాట్లాడే ఇటాలియన్ టీచరు. ఇటలీలో పుట్టి పెరిగిన మనిషి అయితే మంచిది. పిల్లలతో అలవాటు ఉన్న మనిషి అయితే ఇంకా మంచిది. రెండూ కుదరకపోతే రెండోదాన్ని ఎంచుకోండి.
- పెద్ద గళ్ళ నోటుపుస్తకాలు రెండు, పెన్సిల్, ఒక బంతి.
- మాట రికార్డు చేయడానికి ఫోను.
- పిల్లల దగ్గర పాఠం నేర్చుకోవడానికి సిద్ధపడే పెద్దమనిషి ఒకరు. నాయనమ్మ అయితే శ్రేష్ఠం. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

ఖరీదైన బొమ్మల పుస్తకాల పెట్టెలు, ఏడాది చందా కట్టే యాప్‌లు అక్కర్లేదు. యాప్ వల్ల మాటలు వస్తాయి కానీ మాట్లాడటం రాదు.

1. డబ్బు కట్టే ముందు బడిని నాలుగు ప్రశ్నలు అడగండి

"అంతర్జాతీయ" అన్న మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. "మోంటెస్సోరి" కూడా అంతే. మరియా మోంటెస్సోరి అనే ఆవిడ 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచారు. ఆ పేరు తగిలించుకున్న ప్రతి బడీ ఆవిడ పద్ధతిలో నడవదు. కాబట్టి ఇవి అడగండి.

ఒకటి: రోజులో ఎన్ని గంటలు ఇటాలియన్‌లో, ఎన్ని గంటలు ఇంగ్లీషులో? "సుమారు సగం" అంటే ఒప్పుకోకండి, టైంటేబుల్ చూపించమనండి. రెండు: ఏమీ రాకుండా వచ్చిన పిల్లలకు విడిగా ఇటాలియన్ చెప్పే మనిషి ఉన్నారా, వారానికి ఎన్ని గంటలు? మూడు: లెక్కలు ఏ భాషలో? నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ బడి "పరితారియా"నా కాదా? 2000 నాటి 62వ నంబరు చట్టం ప్రకారం ప్రభుత్వ బడితో సమానమైన గుర్తింపు ఉన్న ప్రైవేటు బడిని అలా అంటారు. ఆ గుర్తింపు లేకపోతే, తరువాత ప్రభుత్వ బడికి మారాలన్నప్పుడు పిల్లవాడు విడిగా పరీక్ష రాయవలసి వస్తుంది.

మరో దారి కూడా ఉంది. అడిగినవాళ్ళలో సగం మందికి ఇది తెలియదు. ఇటలీలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఫీజు లేదు. 6 నుంచి 16 ఏళ్ళ వరకు చదువు తప్పనిసరి, విదేశీ పిల్లలను కూడా చేర్చుకుని తీరాలి. అక్కడ అంతా ఇటాలియనే కాబట్టి భాషలో ముంచడం అంటే అంతకంటే ఏముంటుంది? రెండేళ్ళలో తిరిగి వచ్చేస్తామనుకునేవాళ్ళకు, ఇంగ్లీషు కూడా నడవాలనుకునేవాళ్ళకు ప్రైవేటు బడి అర్థవంతం. ఐదేళ్ళు ఉండేవాళ్ళు అంత ఫీజు ఎందుకు కట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేము కట్టాం, అది వేరే సంగతి.

తరగతి విషయంలో ఒక హెచ్చరిక. డిసెంబరు 31 లోపు 6 ఏళ్ళు నిండే పిల్లలు ఆ సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరతారు. మన దగ్గర ఇప్పటికే రెండు చదివేశాడని పేచీ పెట్టకండి. అక్కడ వయసును బట్టే తరగతి ఇస్తారు.

2. కాగితాలు: ఇంటిపేరు దగ్గరే చిక్కంతా

ఇటాలియన్ ఫారంలో రెండు గళ్ళు ఉంటాయి: "కొన్యోమె" అంటే ఇంటిపేరు, "నోమె" అంటే పేరు. ఒడిశాలోని తెలుగు కుటుంబాలకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరంగా కుదించి. ఒడియా పద్ధతిలో అది చివర వస్తుంది. బడివాళ్ళు ఒక రకంగా, జనన ధ్రువపత్రం ఇచ్చినవాళ్ళు ఇంకో రకంగా రాస్తారు. మా బంధువుల ఇంట్లో అన్నకు ఇంటిపేరు ముందు, చెల్లికి వెనుక ఉంది. పాస్‌పోర్టులో ఇద్దరికీ ఆ గడి ఖాళీ. కాగితాలు సరిచేసుకోవడానికే వాళ్ళకు రెండు నెలలు పట్టింది.

చేయవలసింది ఇది. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, దాని గడిలోనే ఉండేలా చూసుకోండి. జనన ధ్రువపత్రం దానికి సరిపోవాలి. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టీల్ ముద్ర (మన పత్రం విదేశంలో చెల్లడానికి వేసేది), ఇటాలియన్ అనువాదం. భారతదేశం 2005 నుంచి అపోస్టీల్ ఒప్పందంలో ఉంది, ఇటలీ కూడా ఉంది. అనువాదం ఎవరిచేత చేయించాలో మీ ప్రాంతం ఏ ఇటాలియన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడే అడగండి, ఏజెంటును కాదు.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి తేలిక మార్గం ఉంది. ఇటలీలో ప్రతి మనిషికీ "కోదిచె ఫిస్కాలె" అని, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే పన్ను సంఖ్య ఇస్తారు. అందులో మొదటి మూడు అక్షరాలు ఇంటిపేరులోని హల్లులు, తరువాతి మూడు పేరులోని హల్లులు. ఆపైన పుట్టిన సంవత్సరంలో చివరి రెండు అంకెలు, నెలకు ఒక అక్షరం, తేదీ. ఆడపిల్లలకు తేదీకి 40 కలుపుతారు, 12న పుట్టిన అమ్మాయికి 52 పడుతుంది. కాగితం చేతికి రాగానే మొదటి ఆరు అక్షరాలు చూడండి. పేరు ముందుకు, ఇంటిపేరు వెనక్కు వచ్చి ఉంటే ఆ కిటికీ దగ్గరే సరిచేయించండి. ఇంటికి వచ్చాక గుర్తిస్తే మళ్ళీ క్యూ.

టీకాల కార్డు మరవకండి. 2017 చట్టం ప్రకారం అక్కడ 16 ఏళ్ళ లోపు పిల్లలకు 10 టీకాలు తప్పనిసరి. వాటిలో గవదబిళ్ళల టీకా ఒకటి. 2017 నుంచి పుట్టిన పిల్లలకు ఆటలమ్మ టీకా కూడా కావాలి. ఈ రెండూ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే జాబితాలో ఉండవు. కార్డు నిండా టిక్కులున్నాయి కదా అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించి ఏవి మిగిలాయో రాయించుకోండి.

3. మొదటి రెండు వారాలు: వినడమే

టీచరు మాట్లాడతారు, పిల్లవాడు చేస్తాడు. కూర్చో, లే, తలుపు తెరువు, ఎర్ర పెన్సిల్ ఇవ్వు, బంతి విసురు. వాడు నోరు విప్పనక్కర్లేదు. విప్పమని మీరూ అడగకండి. మిగతా రోజుల్లో అదే 40 నిమిషాలు ఇటాలియన్ పిల్లల పాటలు, కథలు వినిపించండి. ఒకే కథ పదిసార్లు విన్నా ఫరవాలేదు, అదే మేలు.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే తప్పు ఒకటుంది. పక్కన కూర్చుని ప్రతి మాటకూ తెలుగు అర్థం చెబుతూ ఉంటారు. అలా చెబితే వాడు ఇటాలియన్ వినడు, మీ కోసం ఎదురు చూస్తాడు. నోరు కట్టేసుకోవాలి. నాకూ కష్టమే అయింది, వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పరీక్ష: రెండు వారాల చివర టీచరును చేతులు కట్టుకుని, సైగలు లేకుండా పది ఆజ్ఞలు ఇవ్వమనండి. ఆరు చేస్తే ముందుకు వెళ్ళండి. మూడే చేస్తే మరో వారం ఇదే.

4. ఉచ్చారణ: ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు అక్షరాలతో నేర్పండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన పిల్లలకు ఉన్న వరం ఇదే. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని పొగుడుతూ ఉంటారు కదా, ఆ పొగడ్త సభల్లో శాలువాలు కప్పడానికి కాక ఇక్కడ పనికొస్తుంది. రెండు భాషల్లోనూ చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఒడియా కూడా ఈ విషయంలో మనకు చుట్టమే. హిందీలో "రామ్" అనేదాన్ని బరంపురం వీధిలో "రామొ" అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లవాడు మాట చివర అచ్చు మింగడు. ఇంగ్లీషు మీడియం చదువే అది నేర్పుతుంది.

కాబట్టి ఇటాలియన్ మాటలను నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాయించండి. పిల్లవాడికి తెలుగు చదవడం రాకపోతే ఒడియా లిపిలో రాయించండి, అదీ ఇంగ్లీషు లిపి కంటే నయం. కానీ ఒడియా లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా కనబడదు, ఆ సంగతి నోటితో చెప్పాలి. గమనించవలసినవి ఇవి:

- త, ద. ట, డ కాదు. "పాస్తా", "పాస్టా" కాదు. బల్లకు "తావొలో", పంటికి "దెంతె". దంతం, దెంతె అని పక్కపక్కన రాస్తే పిల్లలు కళ్ళు పెద్దవి చేస్తారు. సర్పానికి "సెర్పెంతె", ఏడుకు "సెత్తె", అదే మన సప్త. ఈ చుట్టరికాలు చూపించండి, ఊరికే గుర్తుండిపోతాయి.
- ఇంగ్లీషు జెడ్ అక్షరం. దీన్ని "పిజా", "గ్రేజీ" అని పాడు చేస్తారు. మీ నాయనమ్మను "చాప" అనమనండి. ఆ "చ" దంతాల దగ్గర పలుకుతుంది, "చేప"లో చ లాంటిది కాదు. పిజ్జాలో, కృతజ్ఞత చెప్పే "గ్రాత్సియె"లో ఉన్నది ఆ "చాప" చ. ఇక దోమను "జన్‌జారా" అంటారు. అందులో ఉన్నది "జడ", "జొన్న"ల్లోని జ, "జేబు"లోని జ కాదు. వెనుకటి పెద్దబాలశిక్షల్లో వీటికి పైన గుర్తు పెట్టి వేరుగా చూపేవారు. ఇంగ్లీషు పిల్లలు నెలల తరబడి తంటాలు పడే చోట మనవాళ్ళు ఒక్క సాయంత్రంలో దాటేస్తారు.
- సి అక్షరం తరువాత ఇంగ్లీషు ఇ (e), ఐ (i) అక్షరాలు వస్తే "చ". మధ్యలో హెచ్ దూరితే "క". రాత్రి భోజనం "చేనా", ఎవరు అనడానికి "కి".
- జి, ఎన్ పక్కపక్కన వస్తే "న్య". స్నానాల గది "బాన్యో". బడిలో ఇది అన్నిటికన్నా ముందు కావలసిన మాట.
- హెచ్‌కు సొంతంగా శబ్దం లేదు. కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపించదు.

ఇక ద్విత్వాలు. తెలుగువాళ్ళకు "గుడి"కీ "గుడ్డి"కీ తేడా చెప్పనక్కర్లేదు. ఇటాలియన్‌లోనూ అంతే: "పాలా" అంటే పార, "పల్లా" అంటే బంతి. "కాసా" ఇల్లు, "కస్సా" డబ్బు కట్టే చోటు. "నోనో" తొమ్మిదోవాడు, "నొన్నో" తాతయ్య. బంతి తీసుకుని ఒత్తు ఉన్న చోట నేలకు కొట్టించండి. పల్ (దబ్) లా. అయినా తొందరలో తప్పుతారు. మా పెద్దవాడు బడిలో మూడో రోజు దాహం వేసి "ఒ సేతె" అనబోయి "ఒ సెత్తె" అన్నాడు. అంటే "నా దగ్గర ఏడు ఉన్నాయి". ఏడు ఏమిటని టీచరు అడిగింది. వీడు మళ్ళీ అదే. పక్కపిల్ల ఏడు క్రేయాన్లు లెక్కపెట్టి తెచ్చి ముందు పెట్టింది. ఇంటికి వచ్చి ఏడుస్తూ చెప్పాడు, మేము నవ్వాం. ఆ తరువాత వాడు ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

పరీక్ష: పై జంటల్లో పది మాటలు మీరు కాకుండా టీచరు చదవాలి, పిల్లవాడు తెలుగులో రాయాలి. ఎనిమిది సరైతే చాలు. తరువాత వాడు చదువుతుండగా ఫోనులో రికార్డు చేసి టీచరుకు పంపండి. విని ఏ మాటో చెప్పగలిగారా? అదే మార్కు.

5. ఆపదలో ఆదుకునే పన్నెండు వాక్యాలు

రంగుల పేర్లు, పండ్ల పేర్లు తరువాత. బడి గేటు లోపల మొదటి వారం కావలసినవి ఇవి.

- పొస్సో అందారె ఇన్ బాన్యో? (బాత్రూంకు వెళ్ళవచ్చా?)
- నొన్ ఒ కపీతో. (అర్థం కాలేదు.)
- పువోయ్ రిపేతెరె? (మళ్ళీ చెబుతారా?)
- కోమె సి దీచె? (దీన్ని ఏమంటారు?)
- ఒ సేతె. (దాహం వేస్తోంది.)
- ఒ ఫామె. (ఆకలి వేస్తోంది.)
- మి ఫా మాలె లా పాంచా. (కడుపు నొప్పిగా ఉంది.)
- మి క్యామో... (నా పేరు...)
- ఒ సెత్తె ఆన్ని. (నాకు ఏడేళ్ళు.)
- పొస్సో జొకారె కొన్ వోయ్? (మీతో ఆడుకోవచ్చా?)
- తొక్కా అ మే. (నా వంతు.)
- స్మెత్తిలా! (ఇక ఆపు!)

చివరి మూడింటినీ టీచర్లు నేర్పరు, తల్లిదండ్రులకు తట్టవు. పిల్లలు భాష నేర్చుకునేది తరగతిలో కంటే ఆటస్థలంలో. అక్కడ అడుగు పెట్టడానికి మొదటిది, నిలబడటానికి రెండోది, ఎవరైనా తోస్తే మూడోది.

ఇక్కడ నాయనమ్మ అవసరం. రోజూ సాయంత్రం పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్న వాక్యం ఆవిడకు నేర్పాలి. ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూనే తప్పుగా అంటుంది, వీడు దిద్దుతాడు. మా అత్తగారు "నొన్ ఒ కపీతో"ను "నన్ను కప్పేతో" అనేవారు. దిద్దీ దిద్దీ పిల్లలకు అది కంఠతా వచ్చింది. టీచరు పాత్రలో ఉన్న పిల్లవాడికి సిగ్గు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే చిన్న తమ్ముడో చెల్లో పనికొస్తారు, కానీ వాళ్ళు పిల్లవాడి కంటే ముందే నేర్చేసుకుంటారు. అది వేరే గొడవ.

చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, ఇటాలియన్‌లో ఒక మాట చెప్పు నాన్నా" అనడం మాత్రం పూర్తిగా మానేయండి. పన్నెండు వారాల పనిని ఒక్క మధ్యాహ్నంలో పాడు చేసేది అదే.

6. వ్యాకరణం చెప్పకండి, కానీ ఈ మూడు తప్పులు తెలిసి ఉండండి

మొదటిది వయసు. ఇటాలియన్‌లో "నేను ఏడేళ్ళు కలిగి ఉన్నాను" అన్నట్టు "ఒ సెత్తె ఆన్ని" అంటారు. ఇంగ్లీషు తలకెక్కిన పిల్లలు "సోనో సెత్తె ఆన్ని" అంటారు. వినగానే సరిచేయండి, ఇది తొందరగా పాతుకుపోతుంది.

రెండోది లింగం. ప్రతి వస్తువుకూ ఆడ, మగ ఉంటుంది. బల్ల మగ, కుర్చీ ఆడ. మనకు "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" ఒక్కలాగే ఉంటాయి కాబట్టి పిల్లలకు ఇది వింతగా తోస్తుంది. దిద్దకండి. మాట నేర్పేటప్పుడే "ఇల్ తావొలో", "లా సేదియా" అని ముందున్న ముక్కతో కలిపి ఒకే మాటగా నేర్పండి. తప్పినప్పుడల్లా ఆపితే నోరు మూతపడుతుంది. ఏడాదికి దానంతట అదే సర్దుకుంటుంది.

మూడోది మర్యాద. పెద్దవాళ్ళతో మన "మీరు" లాగా అక్కడ "లేయ్" వాడతారు. కానీ చిన్న తరగతుల్లో పిల్లలు టీచరును "మాయెస్త్రా" అని పిలిచి "తూ" అనే మాట్లాడతారు, అంటే నువ్వు. అది విని మా అమ్మకు కళ్ళు తిరిగాయి. చిన్న పిల్లలకు అది అమర్యాద కాదు. పైన "పువోయ్" అన్నది కూడా నువ్వు రూపమే.

మనకు కలిసొచ్చేది ఒకటి ఉంది. "నాకు మామిడిపండు ఇష్టం" అన్నట్టే "మి ప్యాచె ఇల్ మాంగో". "నాకు" అనే పద్ధతి సరిగ్గా మనదే. ఇంగ్లీషు మీదుగా నేర్పితే ఇది తలకిందులుగా కనిపిస్తుంది, తెలుగు మీదుగా నేర్పితే సూటిగా ఉంటుంది. కర్త లేకుండా "వస్తున్నాను" అన్నా అర్థమవుతుంది కదా, ఇటాలియన్‌లోనూ క్రియ చివరే మనిషి ఎవరో చెబుతుంది. ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ ఇటాలియన్‌లోకి తెచ్చే ట్యూషన్ టీచరు దొరికితే మర్యాదగా వద్దనండి.

7. లెక్కలు, నోటుపుస్తకం

ఎక్కాలు వచ్చిన పిల్లవాడు అక్కడ లెక్కల్లో వెనుకబడడు. రాసే తీరు మాత్రం వేరు. మనం బిందువు పెట్టే చోట వాళ్ళు కామా పెడతారు. 3.5 అన్నది 3,5 అవుతుంది, వెయ్యి 1.000 అవుతుంది. భాగహారంలో భాజకం కుడి పక్కన, దాని కింద భాగఫలం. గుర్తు రెండు చుక్కలు. ఒక వారం, రోజుకు నాలుగు లెక్కలు ఆ తీరులో చేయించండి. గళ్ళ పుస్తకంలో గడికి ఒక అంకె. ఒకటో తరగతిలో మొదట విడి అక్షరాలు, ఆ తరువాత కలిపిరాత వస్తుంది. ఏడో ఎనిమిదో ఏట చేరే పిల్లలకు కలిపిరాత ముందే అలవాటు చేయండి, లేకపోతే బోర్డు చదవలేరు.

అంకెల పేర్లలో 11 నుంచి 16 వరకు ఒకట్లు ముందు వస్తాయి: ఉందిచి, దోదిచి, ఇలా సేదిచి వరకు. 17 దగ్గర తిరగబడి దిచస్సెత్తె అవుతుంది. 20 దాటితే మన ఇరవై ఒకటి, ఇరవై రెండు లాగే పద్ధతిగా నడుస్తాయి. మనసులో లెక్క తెలుగులో చేసుకుంటే చేసుకోనివ్వండి.

8. మధ్యాహ్న భోజనం

శాకాహారులైతే బడికి ముందే రాసి ఇవ్వండి, నోటి మాట చాలదు. ఎంత పట్టింపు ఉన్నవాళ్ళో మీరే తేల్చుకోవాలి. పార్మిజానో జున్ను తోడుకోవడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు, అది పాస్తా మీద చల్లి వస్తుంది. ముళ్ళ చెంచాతో తినడం ఇంట్లో ఒక వారం అలవాటు చేస్తే చాలు.

9. తెలుగు గంట తీసేయకండి

ఇటాలియన్‌కు చోటు చేయాలని ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషులోకి దిగే వాళ్ళను చూశాను. అంతకంటే తెలివితక్కువ పని లేదు. తెలుగు, ఒడియా, కొంచెం హిందీ, బడి ఇంగ్లీషు మోసే పిల్లవాడికి అయిదోది బరువు కాదు. కానీ వాడికి భయం వేసినప్పుడు, కడుపులో మాట చెప్పుకోవాల్సినప్పుడు లోటు లేకుండా మాట్లాడగలిగే భాష ఒకటి కావాలి. రాత్రి కథ తెలుగులోనే చెప్పండి. బడిలో ఏం జరిగిందో తెలుగులోనే అడగండి. మధ్యలో ఇటాలియన్ మాటలు కలిపినా ఆపకండి. భాషలు కలవడం రోగం కాదు. మనం ఒడియా మాటలు కలపకుండా పది నిమిషాలు మాట్లాడగలమా?

పన్నెండో వారం చివర చూడవలసినవి

ఒక బొమ్మ చూపించి టీచరు ప్రశ్నలడిగితే ఒకటి రెండు మాటల్లో అయినా జవాబు రావాలి. పన్నెండు వాక్యాలూ నిద్రలో లేపినా రావాలి, నిజంగా నిద్రలో కాదు, ఆట మధ్యలో అడగండి. పరిచయం లేని మరో ఇటాలియన్ మనిషితో ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడించండి. అలవాటైన టీచరు మాట మాత్రమే అర్థమయ్యే పిల్లలు చాలామంది ఉంటారు, అది ఇక్కడ బయటపడుతుంది. అలా అయితే మిగిలిన రోజుల్లో వారానికి ఒకరు చొప్పున కొత్త గొంతులు వినిపించండి.

చేరిన తరువాత మాట్లాడకపోతే

ఇక్కడ గలగలా చెప్పిన పిల్లవాడు అక్కడ చేరగానే మూగనోము పట్టవచ్చు. వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు. మా చిన్నది డిసెంబరు దాకా నోరు విప్పలేదు. ఈ కాలంలో చూడవలసింది మూడే: చెప్పిన పని చేస్తున్నాడా, ఆటలో ఎవరి వెంటైనా ఉంటున్నాడా, ఇంటికి వచ్చి తెలుగులో మామూలుగా మాట్లాడుతున్నాడా? మూడూ ఉంటే వదిలేయండి, లోపల పని జరుగుతోంది. ఇంట్లో కూడా మాట తగ్గితే, నిద్ర చెడితే, లేదా ఏ భాషలో పిలిచినా పలకకపోతే ఆగకుండా టీచరును కలవండి, చెవుల పరీక్ష కూడా చేయించండి. టీచరును కలిసినప్పుడు "ఎందుకు మాట్లాడటం లేదు" అని అడగకండి. "మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుంటున్నాడు?" అని అడగండి. ఆ పేరు తెలిస్తే, వచ్చే శనివారం ఆ పిల్లను ఇంటికి పిలిచి రెండు అట్లు వేసి పెట్టండి.